చెల్లింపు ఎప్పుడు ‘చెల్లు’తుంది? - నగదు, ఎలక్ట్రానిక్ చెల్లింపులు, కంప్యూటర్ వ్యవస్థల విశ్వసనీయత

వ్యాససంగ్రహం:

నగదుతో జరిగే చెల్లింపు డబ్బు చేయి మారిన క్షణంలోనే పూర్తవుతుంది. ఎలక్ట్రానిక్ చెల్లింపు అలా కాదు. అది పలు కంప్యూటర్ వ్యవస్థల మధ్య సాగే సందేశాల వరుస. ఆ వరుసలో ఒక్క సందేశం తప్పిపోయినా ఇచ్చినవారి ఖాతాలో డబ్బు తగ్గుతుంది, పుచ్చుకోవలసినవారికి మాత్రం చేరదు. నగదు వ్యవహారంలో లేని ఈ మధ్యస్థితిని అర్థం చేసుకోవడానికి తెలుగులోని ‘చెల్లు’ అనే క్రియ మంచి సాధనం. ఆ క్రియ అర్థపరిధిని ఆధారంగా చేసుకొని, రెండు చెల్లింపు పద్ధతుల నిర్మాణాన్ని, వాటి వైఫల్య స్వభావాన్ని, వైఫల్యం కలిగినప్పుడు భారం ఎవరిమీద పడుతున్నదన్న విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నగదు, చెల్లు, చెల్లుబాటు, యూపీఐ, విశ్వసనీయత, మధ్యస్థితి, ప్రత్యామ్నాయం.

1. ఉపోద్ఘాతం:

పరీక్ష ఫీజు కట్టడానికి చివరి రోజు. సాయంత్రం ఒక డిగ్రీ విద్యార్థిని ఫోన్ పట్టుకొని స్టాఫ్ రూమ్‌కు వచ్చింది. “సార్, డబ్బులు కట్ అయ్యాయి, కానీ ఫీజు పడలేదు” అన్నది. బ్యాంకు నుంచి వచ్చిన సందేశం ప్రకారం ఆమె ఖాతాలో సొమ్ము తగ్గింది. ఫీజు పోర్టల్‌లో మాత్రం ‘పెండింగ్’ అని కనిపిస్తున్నది. కార్యాలయంలో నగదు తీసుకునే కౌంటరును అంతకు రెండేళ్ల ముందే ఎత్తివేశారు. గడువు ముగిసేలోగా తేలుతుందో లేదో చెప్పగలిగినవారు అక్కడ ఎవరూ లేరు. చివరికి ఆమె స్నేహితురాలి దగ్గర అప్పు తీసుకొని రెండోసారి ఫీజు కట్టింది. మొదటిసారి పోయిన సొమ్ము ఐదో రోజున తిరిగి ఖాతాలో జమ అయింది.

ఇందులో మోసం లేదు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. సొమ్ము కూడా చివరికి తిరిగివచ్చింది. అయినా కూలిపని చేసే తండ్రి పంపిన డబ్బు ఐదు రోజులపాటు ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. ఆ ఐదు రోజులు ఆ డబ్బు ఎక్కడ ఉన్నట్టు? ఆమె ఫీజు చెల్లించినట్టా, చెల్లించనట్టా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికే క్రమంలోనే ఈ వ్యాసం రూపొందింది.

నగదు పాతది, ఎలక్ట్రానిక్ చెల్లింపు కొత్తది అన్న దృష్టితో ఈ విషయాన్ని చూడడం సాధారణమైంది. కాలాన్ని బట్టి చేసే ఆ విభజన కంటే, చెల్లింపు ఏ క్షణంలో పూర్తవుతుంది, పూర్తి కానప్పుడు ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలే ఈ రెంటి మధ్య అసలు భేదాన్ని తేల్చగలవు.

2. ‘చెల్లు’ - భాష చెప్పే నిర్వచనం:

‘చెల్లించు’ అనేది ‘చెల్లు’ ధాతువుకు ప్రేరణరూపం. చెల్లేటట్లు చేయడమే చెల్లించడం. ‘చెల్లు’ అనే క్రియకు వ్యవహారంలో ఉన్న అర్థాలను పరిశీలిస్తే నాలుగు ప్రధానంగా కనిపిస్తాయి. ‘ఈ నాణెం చెల్లుతుంది’ అన్నప్పుడు లోకంలో ఆమోదం పొందడం అని అర్థం. ‘బాకీ చెల్లింది’ అన్నప్పుడు తీరిపోవడం. ‘కాలం చెల్లింది’ అన్నప్పుడు ముగిసిపోవడం. ‘అది అతనికే చెల్లింది’ అన్నప్పుడు తగి ఉండడం. ఇవి వేర్వేరుగా కనిపించినా, ఆమోదం, ముగింపు అనే రెండు భావాలు వీటన్నిటి అడుగున ఉన్నాయి.

అప్పుపత్రం వెనుక రాసే ‘చెల్లు’ కూడా ఈ సందర్భంలో గమనించదగింది. గ్రామాల్లో ప్రామిసరీ నోటు మీద అప్పు తీసుకున్నవారు కొంత మొత్తం తిరిగి ఇచ్చినప్పుడు, ఆ వివరాన్ని నోటు వెనుక తేదీతో రాయించుకుంటారు. దీన్ని ‘చెల్లు వేయడం’ అంటారు. ఇక్కడ డబ్బు చేతికి అందడం, అందినట్టు రాత పడడం ఒకే చోట, ఇద్దరి ఎదుట జరుగుతాయి. చెల్లు వేయించుకోకుండా డబ్బు ఇవ్వడం అమాయకత్వమని పెద్దలు హెచ్చరించడానికి కారణం ఇదే. ఇవ్వడం, రాయడం విడిపోతే వివాదం పుడుతుందని అనుభవం నేర్పింది.

‘నగదు’ అనే పదం అరబీ మూలం నుంచి పారశీక, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చింది. అక్కడికక్కడే ఇచ్చే సొమ్ము అనేది దాని అర్థం. ‘నేడు నగదు - రేపు అరువు’ అని దుకాణాల్లో కనిపించే బోర్డు ఈ పదానికి ఉన్న కాలసంబంధాన్ని చక్కగా పట్టిస్తుంది. నగదుకు వ్యతిరేకపదం అరువు. అంటే మన వ్యవహారంలో చెల్లింపుకు రెండే స్థితులుండేవి: ఇప్పుడే తీరినది, ఇంకా తీరవలసినది.

ఎలక్ట్రానిక్ చెల్లింపులు వచ్చాక ప్రజలు మూడో స్థితికి మాటలు కల్పించుకోవలసి వచ్చింది. ‘కట్ అయ్యాయి కానీ పడలేదు’ అనే వాక్యం అలా పుట్టింది. ‘కట్ అవడం’ ఇచ్చేవారి వైపు సంఘటన, ‘పడడం’ పుచ్చుకునేవారి వైపు సంఘటన. నగదు వ్యవహారంలో ‘ఇచ్చాను’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోయిన పని ఇప్పుడు రెండు క్రియలుగా చీలింది. కంప్యూటర్ శాస్త్రం చదవని సామాన్యులు కూడా ఈ వ్యవస్థ నిర్మాణాన్ని ఎంత కచ్చితంగా గ్రహించారో ఈ వాక్యమే చెబుతుంది.

3. నగదు - చేయి మారడంలోనే ముగిసే వ్యవహారం:

భారతీయ రిజర్వు బ్యాంకు చట్టం, 1934లోని 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు జారీ చేసిన నోటు దేశంలో ఎక్కడైనా చట్టబద్ధంగా చెల్లుతుంది. నోటు మీద ఉన్న భాషాపట్టికలో 15 భాషల్లో దాని విలువ ముద్రితమై ఉంటుంది. ఆంగ్ల అక్షరక్రమాన్ని అనుసరించిన ఆ వరుసలో తమిళం తర్వాత, ఉర్దూకు ముందు తెలుగు ఉంటుంది. విలువ, జారీ చేసినవారి హామీ, సంతకం అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. దాన్ని పుచ్చుకునేవారు మరెవరినీ అడిగి తెలుసుకోనవసరం లేదు.

ఒక కూరగాయల అమ్మకందారు వంద రూపాయల నోటు పుచ్చుకున్నప్పుడు ఇచ్చినవారి పేరు, ఖాతా, బ్యాంకు అన్నీ అప్రస్తుతాలు. విద్యుత్తు ఉందా, సిగ్నల్ ఉందా అన్న ప్రశ్నలూ రావు. నోటు అటు ఉంటుంది లేదా ఇటు ఉంటుంది. రెండు చోట్లా ఉండదు, రెండు చోట్లా లేకుండానూ పోదు. ఇదే నగదుకున్న గొప్ప బలం.

అయితే నగదుకు లోపాలు లేవని చెప్పడం సత్యదూరం. దొంగ నోట్లు, చిరిగిన నోట్లు, చిల్లర కొరత, దోపిడీ భయం అందరికీ తెలిసినవే. పోయిన నోటును తిరిగి రాబట్టుకునే మార్గం లేదు. దూరప్రాంతానికి డబ్బు పంపడానికి నగదు అనువైంది కాదు. అన్నిటికీ మించి, నోటు చెల్లుబాటు కూడా రాజ్యం నిర్ణయం మీద ఆధారపడినదే. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేసినప్పుడు, చలామణిలో ఉన్న నోట్ల విలువలో సుమారు 86 శాతం చెల్లకుండా పోయింది. చేతిలో కాగితం అలాగే ఉంది, దానిలోని ‘చెల్లు’ తొలగిపోయింది. నగదు వ్యవస్థకూ వైఫల్యం ఉంటుందని ఆనాటి బ్యాంకుల ముందు వరుసలు నిరూపించాయి.

4. ఎలక్ట్రానిక్ చెల్లింపు - ప్రయాణించే సందేశం:

డబ్బుకు బదులు సందేశాన్ని పంపడం కంప్యూటర్లతో మొదలైన పద్ధతి కాదు. ఒక ఊరి వర్తకుడు మరో ఊరి వర్తకుడి పేర రాసే హుండీ అలాంటిదే. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శని హుండీ, గడువు తర్వాత చెల్లించవలసినది ముద్దతి హుండీ. ఆ కాగితం విశ్వసనీయత దాన్ని రాసిన వర్తకుడి పరపతి మీద నిలిచేది. అంటే చెల్లింపును సందేశంగా మార్చిన ప్రతిసారీ నమ్మకం మరొకరి మీద పెట్టవలసి వస్తుంది. హుండీలో ఆ నమ్మకం మనిషి మీద. నేడది యంత్రాల వరుస మీద.

భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2008లో ఏర్పడింది. అది 2010లో ఐఎంపీఎస్‌ను, 2016 ఏప్రిల్‌లో యూపీఐని ప్రవేశపెట్టింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీల సంఖ్య 2,000 కోట్లు దాటింది. టీ కొట్టు నుంచి నగల దుకాణం వరకు క్యూఆర్ కోడ్ లేని చోటు నేడు అరుదు.

ఇంత సులువుగా కనిపించే ఈ చెల్లింపు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వినియోగదారు పిన్ నొక్కగానే ఫోన్‌లోని యాప్ తన భాగస్వామి బ్యాంకుకు సందేశం పంపుతుంది. ఆ బ్యాంకు దాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ కేంద్రవ్యవస్థకు చేరవేస్తుంది. కేంద్రవ్యవస్థ పుచ్చుకునేవారి చిరునామాను నిర్ధారించుకొని, ఇచ్చేవారి బ్యాంకును సొమ్ము తగ్గించమని అడుగుతుంది. తగ్గించినట్టు జవాబు వచ్చాక, పుచ్చుకునేవారి బ్యాంకును జమ చేయమని కోరుతుంది. జమ చేసినట్టు జవాబు వచ్చిన తర్వాత ఇరువైపుల యాప్‌లకూ ఫలితం తెలియజేస్తుంది. బ్యాంకుల నుంచి వచ్చే ఎస్ఎంఎస్, దుకాణంలోని సౌండ్‌బాక్స్ పలికే మాట ఈ వరుసకు బయట ఉన్న మరో రెండు సందేశాలు. బ్యాంకుల మధ్య అసలు లెక్క రోజుకు పలుమార్లు రిజర్వు బ్యాంకులోని ఖాతాల ద్వారా తేలుతుంది.

కాబట్టి పది రూపాయల టీకి ఇచ్చే చెల్లింపులోనూ యాప్, దాని బ్యాంకు, కేంద్రవ్యవస్థ, రెండు ఖాతాల బ్యాంకులు, ఇద్దరి టెలికాం సంస్థలు పాలుపంచుకుంటాయి. నగదులో ఇద్దరే ఉంటే, ఇక్కడ కనిపించని అరడజను మంది మధ్యవర్తులున్నారు.

5. మధ్యస్థితి ఎందుకు పుడుతుంది?

కంప్యూటర్ శాస్త్రంలో ‘ఇద్దరు సేనానుల సమస్య’ ఒకటి ప్రసిద్ధం. లావాదేవీల నిర్వహణకు శాస్త్రీయమైన పునాది వేసిన జిమ్ గ్రే 1978లో ఈ పేరుతో దాన్ని వివరించాడు. శత్రువు ఉన్న లోయకు ఇరువైపులా ఇద్దరు మిత్రసేనానులున్నారు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. వార్తాహరుడు లోయ దాటే వెళ్లాలి, మధ్యలో పట్టుబడవచ్చు. మొదటి సేనాని ‘తెల్లవారగానే దాడి’ అని కబురు పంపాడు. అది చేరిందో లేదో అతనికి తెలియాలంటే జవాబు రావాలి. ఆ జవాబు చేరిందో లేదో రెండో సేనానికి తెలియాలంటే మళ్లీ జవాబు కావాలి. ఎన్ని జవాబులు పంపుకున్నా చివరి సందేశం చేరిందన్న నిశ్చయం ఇద్దరికీ కలగదు.

బ్యాంకుల మధ్య జరిగేదీ ఇదే. జమ చేయమన్న సందేశానికి జవాబు రాలేదనుకుందాం. దానికి రెండు కారణాలుండవచ్చు. సందేశమే చేరకపోవడం ఒకటి. సందేశం చేరి, సొమ్ము జమ అయి, జవాబు మాత్రమే దారిలో పోవడం రెండోది. అడిగినవారికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది అనుకొని సొమ్ము వెనక్కి ఇస్తే, రెండోది నిజమైతే పుచ్చుకున్నవారికి డబ్బు ఉచితంగా దక్కుతుంది. రెండోది అనుకొని ఊరుకుంటే, మొదటిది నిజమైతే ఇచ్చినవారు నష్టపోతారు. ‘పెండింగ్’ అన్న మాటకు అర్థం ఇదే. వ్యవస్థ సోమరితనంతో అలా అనడం లేదు. తనకు తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకుంటున్నది.

ఈ చిక్కును తగ్గించడానికి లావాదేవీకి ‘అఖండత’ ఉండాలని కంప్యూటర్ శాస్త్రం నియమం చేసింది. జరిగితే అన్ని అంచెలూ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు. ప్రతి యూపీఐ చెల్లింపుకు 12 అంకెల సంఖ్య ఉండడం, తర్వాత బ్యాంకులు తమ పద్దులను ఆ సంఖ్య ఆధారంగా సరిచూసుకోవడం దీని కోసమే. ఈ ఏర్పాటు వల్ల సొమ్ము శాశ్వతంగా మాయమయ్యే అవకాశం బాగా తగ్గింది. అనుమానం మాత్రం పూర్తిగా తొలగదు, నివృత్తికి కొంత సమయం పడుతుంది. జమ చేయవలసిన బ్యాంకు నుంచి జవాబు రాని కొన్ని లావాదేవీలను ‘డీమ్డ్ అప్రూవ్డ్’ అని వర్గీకరిస్తారు. ‘చెల్లినట్లు భావించినవి’ అని దానికి అర్థం. చెల్లడానికీ, చెల్లినట్లు భావించడానికీ మధ్య ఉన్న తేడాయే మన చర్చకు కేంద్రం.

6. విశ్వసనీయతను లెక్కగట్టడం:

ఒక వ్యవస్థ 99.9 శాతం సమయం పనిచేస్తుందంటే గొప్పగా వినిపిస్తుంది. సంవత్సరానికి 8,760 గంటలు కనుక, అది ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషాలు పనిచేయదని అర్థం. అలాంటి ఐదు వ్యవస్థలు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తేనే చెల్లింపు పూర్తవుతుందని, వాటి వైఫల్యాలకు పరస్పర సంబంధం లేదని ఉదాహరణ కోసం అనుకుందాం. అప్పుడు మొత్తం విశ్వసనీయత 99.5 శాతానికి దిగుతుంది. ఏడాదిలో ఆగే సమయం సుమారు 44 గంటలకు పెరుగుతుంది. గొలుసులోని లంకెలు ఎంత గట్టివైనా వాటి సంఖ్య పెరిగేకొద్దీ గొలుసు బలహీనపడుతుంది.

మరో లెక్క కూడా అవసరం. నెలకు 2,000 కోట్ల లావాదేవీల్లో పదివేలకు ఒక్కటి మధ్యస్థితిలో చిక్కుకున్నదనుకున్నా, ఆ సంఖ్య 20 లక్షలు. శాతాల్లో చూస్తే ఇది చాలా చిన్నది. మనుషుల్లో చూస్తే పెద్దది. వ్యవస్థను నడిపేవారు మొదటి లెక్క చూస్తారు, కౌంటరు ముందు నిలబడినవారికి రెండో లెక్కలో తమ వంతు ఒక్కటే కనిపిస్తుంది. ఈ రెండు చూపుల మధ్య దూరాన్ని గుర్తించకుండా విశ్వసనీయత గురించి మాట్లాడడం అసంపూర్ణం.

7. వ్యవస్థలు ఆగిన సందర్భాలు:

పై లెక్కలో వైఫల్యాలకు పరస్పర సంబంధం లేదని అనుకున్నాం. వాస్తవంలో ఒకే లోపం అనేక చోట్ల ఒకేసారి బయటపడవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాద్ సహా పలు భారతీయ విమానాశ్రయాల్లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇచ్చారు. కలం, కాగితం అందుబాటులో ఉండడం వల్లనే కొన్ని విమానాలైనా కదిలాయి.

అదే నెలాఖరున చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ సంస్థ రాన్సమ్‌వేర్ దాడికి గురైంది. ముందుజాగ్రత్తగా జాతీయ చెల్లింపుల సంస్థ దాన్ని తన వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేసింది. దానివల్ల సహకార, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు సుమారు 300 వరకు ప్రభావితమయ్యాయి. దాడి జరిగింది ఒక్కచోట, సేవలు ఆగింది గ్రామీణ ఖాతాదారులకు. తమ బ్యాంకు వెనుక అలాంటి సంస్థ ఒకటి ఉందన్న సంగతే వారిలో చాలామందికి తెలిసి ఉండదు. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ సేవలకే దేశవ్యాప్తంగా అంతరాయం కలిగింది.

విద్యుత్తు, సమాచార సంబంధాలు రెండూ తెగినప్పుడు పరిస్థితి మరింత తీవ్రమవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఆ నగరంలో విద్యుత్తును, ఫోన్లను రోజుల తరబడి దెబ్బతీసింది. అప్పటికి యూపీఐ లేదు. చేతిలో నోట్లున్నవారు నీళ్లు, పాలు కొనుక్కోగలిగారు. అలాంటి తుపాను నేడు వస్తే, జేబులో నోటు పెట్టుకునే అలవాటే పోయిన ఇంటి పరిస్థితి ఏమిటన్నది ఆలోచించవలసిన విషయం. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో విద్యుత్తు ఒక్కసారిగా నిలిచిపోయినప్పుడు కార్డు యంత్రాలు ఆగిపోయి, తెరిచి ఉన్న దుకాణాల్లో చాలావరకు నగదుతోనే వ్యవహారం సాగింది.

నగదు ఉంటే చాలు, కంప్యూటర్లతో పని లేదనుకోవడమూ సరికాదు. 2021 జులైలో కసేయా సాఫ్ట్‌వేర్ ద్వారా జరిగిన రాన్సమ్‌వేర్ దాడిలో స్వీడన్‌లోని కోప్ దుకాణాల బిల్లింగ్ యంత్రాలు పనిచేయలేదు. సుమారు 800 దుకాణాల్లో అత్యధికం మూతపడ్డాయి. కొనేవారి దగ్గర నగదున్నా అమ్మే యంత్రం పనిచేయకపోతే వ్యవహారం సాగదని ఆ సంఘటన తెలియజేసింది. 2018 ఏప్రిల్‌లో తెలుగు రాష్ట్రాలు సహా పలు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయినప్పుడు, ఖాతాలో ఉన్న సొమ్ము నోటుగా మారడానికి ఎంతటి యంత్రాంగం కావాలో బోధపడింది. నేటి నగదు కూడా తన ప్రయాణంలో సగం దూరం కంప్యూటర్ మీదే సాగిస్తున్నది. చివరి అంచె మాత్రమే స్వతంత్రమైంది.

8. అనుమానం భారం ఎవరిది?

మధ్యస్థితిలో చిక్కిన సొమ్ముకు సంబంధించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న స్పష్టమైన నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం ఒకరి నుంచి మరొకరికి పంపిన యూపీఐ సొమ్ము జమ కాకపోతే మరుసటి రోజులోగా తిరిగి ఇవ్వాలి. వ్యాపారికి పంపినది ధ్రువపడకపోతే ఐదు రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. ఏటీఎంలో సొమ్ము రాకుండా ఖాతాలో తగ్గితే దానికీ ఐదు రోజులే గడువు. గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం జమచేయాలి. ఖాతాదారు ఫిర్యాదు చేసేవరకు ఆగకుండా బ్యాంకే ఆ పని చేయాలన్నది ఇందులో ముఖ్యాంశం. బ్యాంకు నెలలోగా పరిష్కరించకపోతే, సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఈ నిబంధనలు వినియోగదారులకు గొప్ప రక్షణ. అయితే మొదట ప్రస్తావించిన విద్యార్థిని విషయంలో ఇవన్నీ అమలయ్యాయని గమనించాలి. ఐదో రోజున సొమ్ము వచ్చింది, గడువు దాటలేదు, కనుక పరిహారం ప్రసక్తి లేదు. వ్యవస్థ లెక్కలో అది విజయవంతంగా పరిష్కారమైన సమస్య. ఆమె లెక్కలో అది ఐదు రోజుల అప్పు. రెండోసారి కట్టడానికి డబ్బున్నవారికి మధ్యస్థితి చిన్న అసౌకర్యం మాత్రమే. లేనివారికి అది తప్పిన పరీక్ష, దొరకని మందు, ఎక్కలేని బస్సు కావచ్చు. వైఫల్యం అందరికీ ఒకే రీతిలో ఎదురైనా దాని భారం ఒకే రీతిలో పడదు.

చిన్న వ్యాపారుల పరిస్థితి మరో కోణం. రద్దీలో ఉన్న అమ్మకందారు కొనేవారి ఫోన్ తెరను చూసి నమ్మడమా, తన సౌండ్‌బాక్స్ పలికేదాకా సరుకు ఆపడమా అన్న సందిగ్ధంలో ఉంటారు. తెరను నమ్మితే నకిలీ చిత్రంతో మోసపోవచ్చు. ఆపితే నిజాయితీపరుడైన కొనుగోలుదారును అవమానించినట్టవుతుంది. నోటును వెలుతురులో చూసి నిర్ధారించుకునే నేర్పు వారికుంది. సందేశం నిజానిజాలను తేల్చే సాధనం వారి చేతిలో లేదు.

9. ప్రత్యామ్నాయాల ఆవశ్యకత:

నగదు, ఎలక్ట్రానిక్ చెల్లింపు పోటీదారులన్న భావన గణాంకాలకు నిలవదు. 2016 మార్చి నాటికి సుమారు 16.4 లక్షల కోట్ల రూపాయలుగా ఉన్న చలామణి నోట్ల విలువ, 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది. యూపీఐ అసాధారణంగా పెరిగిన కాలంలోనే నోట్లూ పెరిగాయి. ప్రజలు రోజువారీ వ్యవహారానికి ఫోన్‌ను, ఆపత్కాలానికి నోటును ఎంచుకుంటున్నారనడానికి ఇది ఒక సూచన.

వ్యవస్థను నడిపేవారు కూడా ఈ అవసరాన్ని గుర్తించారు. చిన్న మొత్తాలను బ్యాంకు ప్రధాన వ్యవస్థను తాకకుండా చెల్లించే యూపీఐ లైట్ 2022లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 1న సాధారణ వినియోగదారుల కోసం డిజిటల్ రూపాయి ప్రయోగం మొదలైంది. ప్రకృతి వైపరీత్యాలు, యుద్ధం వంటి పరిస్థితుల్లో అతి తక్కువ సిబ్బందితో ఎక్కడినుంచైనా నడపగల తేలికపాటి చెల్లింపు వ్యవస్థను రూపొందించాలన్న ఆలోచనను రిజర్వు బ్యాంకు 2022-23 వార్షిక నివేదికలో ప్రకటించింది. నగదు వాడకం బాగా తగ్గిన దేశాల్లో ఒకటైన స్వీడన్ 2024 నవంబరులో ఇంటింటికీ పంపిన సంక్షోభ సన్నద్ధతా పుస్తికలో, వేర్వేరు విలువల నోట్లను ఇంట్లో ఉంచుకోమని పౌరులకు సూచించింది. నగదు నుంచి అందరికంటే ముందు దూరమైనవారే దాని విలువను మళ్లీ గుర్తు చేస్తున్నారు.

అయితే ప్రత్యామ్నాయం వాడుకలో ఉంటేనే పనికివస్తుంది. వాడని బావి పూడిపోతుంది. నగదు కౌంటరును ఒకసారి ఎత్తివేస్తే చిల్లర పెట్టె, రశీదు పుస్తకం, లెక్క అప్పగించే పద్ధతి, ఆ పని తెలిసిన ఉద్యోగి అన్నీ క్రమంగా కనుమరుగవుతాయి. ఆపద వచ్చిన రోజున వాటిని పునరుద్ధరించడం సాధ్యం కాదు. కనుక గడువుతో కూడిన చెల్లింపులు స్వీకరించే కళాశాలలు, ఆసుపత్రులు, ప్రయాణ కేంద్రాలు పరిమితంగానైనా నగదు మార్గాన్ని నిలిపి ఉంచడం అవసరం. అది సాధ్యం కానిచోట, గడువులోగా ఖాతాలో సొమ్ము తగ్గినట్టు 12 అంకెల సంఖ్యతో చూపినవారిని తాత్కాలికంగా చెల్లించినవారిగా పరిగణించే నియమమైనా ఉండాలి. బ్యాంకులు పరస్పరం ‘చెల్లినట్లు భావించడానికి’ అంగీకరించినప్పుడు, అదే సౌలభ్యం ఒక విద్యార్థికి ఇవ్వకపోవడానికి బలమైన కారణం కనిపించదు.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా గ్రహించిన అంశాలు:

1. ఆమోదం, ముగింపు అనే రెండు భావాలూ ‘చెల్లు’ అనే క్రియలో ఉన్నాయి. నగదులో ఈ రెండూ ఒకే క్షణంలో సిద్ధిస్తాయి. ఎలక్ట్రానిక్ చెల్లింపులో విడివిడిగా, వేర్వేరు చోట్ల సిద్ధిస్తాయి.

2. ‘కట్ అయ్యాయి కానీ పడలేదు’ అనే వ్యవహారవాక్యం ఈ విభజనను కచ్చితంగా పట్టుకున్నది. సాంకేతిక మార్పును భాష ఎలా నమోదు చేస్తుందో తెలుసుకోవడానికి ఇలాంటి వాక్యాల సేకరణ, పరిశీలన అవసరం.

3. మధ్యస్థితికి మూలకారణం సందేశాల ద్వారా జరిగే ఏ వ్యవహారంలోనైనా ఉండే అనిశ్చయం. మంచి నిర్మాణం దాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు.

4. నగదు కూడా జారీ, పంపిణీల్లో రాజ్యం మీద, కంప్యూటర్ల మీద ఆధారపడినదే. చేయి మారే చివరి అంచెలో మాత్రమే దానికి స్వతంత్రత ఉంది. విపత్తులో అక్కరకు వచ్చేది ఆ చివరి అంచే.

5. వైఫల్యం జరిగినప్పుడు సొమ్ము తిరిగి ఇచ్చే గడువులతోపాటు, ఆ గడువులోపల భారం ఎవరు మోయాలన్నది కూడా నిబంధనల్లో చేరవలసి ఉంది.

అప్పుపత్రం వెనుక చెల్లు వేయించుకొన్న రైతు ఇంటికి నిశ్చింతగా వెళ్లేవాడు. ఆ నిశ్చింతను ఎంత వేగవంతమైన వ్యవస్థ అయినా ఇవ్వగలిగినప్పుడే దాని పని పూర్తయినట్టు. అంతవరకు, డబ్బు కట్ అయిందని చెబుతూ ఎదురుగా నిలబడిన విద్యార్థికి చూపించడానికి మరో దారి తెరిచి ఉంచడం సంస్థల కనీస బాధ్యత.